కోటు విప్పని వాళ్లు

స్టోనీబ్యాటర్, డబ్లిన్
9 జనవరి 2024

నాన్నా,

ఫోనులో చెబితే నీకు సగం వినపడదు, వినపడిన సగం నువ్వు నమ్మవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కళ్లజోడు పెట్టుకుని, అత్తయ్యని కాసేపు మాట్లాడొద్దని చెప్పి చదువు.

నిన్న మన పబ్బు కౌంటరు వెనకాల పలక తుడిచాను. నల్లబీరు పైంటు గ్లాసు ఐదూ డెబ్భై యూరోల నుంచి ఆరూ ఇరవై! నా చేతులారా రాశాను, రాస్తుంటే సుద్దముక్క రెండుసార్లు విరిగింది. బీరు కంపెనీ వాళ్లు పెంచారు, కరెంటు వాళ్లు పెంచారు, నేనొక్కదాన్నీ పెంచకుండా కూర్చుంటే ఈస్టరు నాటికి మనం బయట నుంచి తాళం వేసుకోవాలి. ఊరి నడుమ టూరిస్టుల వీధిలో తొమ్మిది దాటిందట. అది చెప్పి మనవాళ్లని ఓదార్చబోయాను. డిన్నీ బాబాయ్ ఏం చేశాడో తెలుసా? టోపీ తీసి లేచి నిలబడ్డాడు. "ఐదూ డెబ్భై గారు మంచివారు. మనమధ్య ఎక్కువ కాలం ఉండలేదు. వారి ఆత్మకి శాంతి కలగాలి" అన్నాడు. అందరూ శిలువ గుర్తు వేసుకున్నారు. జార్లత్ మాస్టారు మాత్రం, "నాలుగూ ఎనభై పోయినప్పుడు కూడా నువ్వు ఇదే ప్రసంగం చేశావు, ఒక్క మాట మారలేదు" అన్నారు. నవ్వలేక చచ్చాను.

కానీ నాన్నా, మూల బల్ల సంగతి బాగాలేదు. నువ్వు సెప్టెంబరులో వెళ్లాక అక్కడ ముగ్గురే మిగిలారు: మన వడ్రంగి డిన్నీ, మాస్టారు, ఫింటన్ బాబాయ్. ఆ ముగ్గురూ ఇప్పుడు గంట కూడా ఉండటం లేదు. ఫింటన్ బాబాయ్ అయితే ఒక్కటి తాగి, పిల్లికి బాగాలేదని వెళ్లిపోతున్నాడు. ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు పంచి వానలో కూడా నెమ్మదిగా నడిచిన మనిషి, పిల్లి కోసం పరుగెడుతున్నాడు. ఎనిమిదికల్లా ఆ మూల ఖాళీ. ఆ బల్ల పోతే మన ఇల్లు పోయినట్టే, నీకు నేను చెప్పాలా?

కారణం కనిపెట్టాను. చలి! ముగ్గురూ కోట్లు విప్పకుండా కూర్చుంటున్నారు. కిందటి వేసవి నువ్వూ అలాగే కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడివి గుర్తుందా? ఆ తలుపు సందులోంచి వచ్చే గాలికే నీ ఛాతీ పట్టేసింది. అందుకే తలుపు బాగుచేయించి, కట్టెల పొయ్యి ఒకటి కొనబోతున్నాను.

ఇంకో పెద్ద సంగతి! తాతయ్య ఈ పబ్బు తెరిచి మార్చికి అరవై ఏళ్లు. పదిహేనో తారీఖు శుక్రవారం పండగ చేస్తున్నాం. మొదటి పైంటు నువ్వు పొయ్యాలి. లేదనకు. అట్రాక్టా అత్తయ్యకి ముద్దులు.

నీ గ్రోన్యా

*

లహించ్, క్లేర్
17 జనవరి

గ్రోన్యా తల్లీ,

ఆరూ ఇరవై! నీ ఉత్తరం చదివి అట్రాక్టా ఇచ్చిన టీ కూడా భయంభయంగా తాగాను, దానికేం రేటు పెట్టిందో అని. మా నాన్న ఒక్క పెన్నీ పెంచిన రోజు డిన్నీ తండ్రి వారం రోజులు మాతో మాట్లాడలేదు. కానీ మాట్లాడకుండా ఉండటానికి రోజూ సరిగ్గా ఏడున్నరకి వచ్చేవాడు. కోపం అంటే అదీ. ఇప్పటివాళ్లకి అలగటం కూడా రాదు.

పొయ్యి కొనొద్దు. అక్కడ చలి లేదు. తలుపు జోలికీ వెళ్లకు. ఆ తలుపు మా నాన్న పెట్టించింది.

ఫింటన్‌ని పిల్లి గురించి అడక్కు. మగవాడు పిల్లి పేరు చెప్పాడంటే ఆ పిల్లిని వదిలెయ్యాలి.

పదిహేను సంగతి అంటావా, చూద్దాం. ఇక్కడి డాక్టరు బస్సులో నాలుగైదు గంటలు కూర్చోవద్దన్నాడు. సముద్రపు గాలి ఛాతీకి మంచిదట. మొదటి పైంటు నువ్వే పొయ్యి, నా చెయ్యి నీ చేతిలో ఉంది కదా. సగం పోశాక నురగ కుదురుకునేదాకా రెండు నిమిషాలు ఆగడం మర్చిపోకు. ఆ రెండు నిమిషాల్లో కౌంటరు వెనకున్నవాడికి లోకమంతా కనిపిస్తుంది. నీకు తొందరెక్కువ, నువ్వు ఆ రెండు నిమిషాలూ కబుర్లు చెబుతావు.

అన్నట్టు, ఆరూ ఇరవై అందరికీనా? పెద్దవాళ్లకి కూడానా? ఊరికే అడిగాను. తగ్గించమని కాదు. ఈ ఇంట్లో ఎవరికీ తగ్గింపు లేదు, ఇంటివాడికి కూడా ఉచితం లేదు, అది మా నాన్న పెట్టిన మాట. అది చెడగొట్టకు.

నీ నాన్న
మాలకీ

*

స్టోనీబ్యాటర్
26 జనవరి

నాన్నా,

నీ ఉత్తరం వచ్చేసరికి పొయ్యి వచ్చేసింది! పచ్చ రంగు, కాళ్లు నాలుగూ సింహం పంజాల్లా ఉంటాయి, చూస్తే నువ్వే ముద్దుపెట్టుకుంటావు. లక్కీగా పాతది దొరికింది, సగం ధరకి. "అక్కడ చలి లేదు" అని రాశావు. రెండొందల యాభై కిలోమీటర్ల అవతల కూర్చుని నీకెలా తెలుసు, మహానుభావా?

మంగళవారం వెలిగించాను. నాన్నా, ఇల్లు రొట్టెల భట్టీ అయిపోయింది. అద్దాలకి ఆవిరి పట్టింది. కిటికీ పక్కన కూర్చున్న నర్సమ్మాయిలు స్వెట్టర్లు విప్పేశారు. మూల బల్ల దగ్గర మనవాళ్లు ముగ్గురూ మెడదాకా గుండీలు పెట్టుకుని, చెమటలు కారుతూ, కోట్లు విప్పలేదు! డిన్నీ బాబాయ్ ముఖం ఉడికిన దుంపలా అయింది. "బాబాయ్, కోటివ్వు, కొక్కేనికి తగిలిస్తాను" అని చెయ్యి చాపాను. కోటుని రెండు చేతులా పట్టుకున్నాడు, నేనేదో దొంగదాన్నయినట్టు. "ఉండనీ అమ్మాయ్, ఇదిగో బయల్దేరుతున్నా" అన్నాడు. బయల్దేరింది అరగంట తరవాత.

అసలు కథ ఇంకా ఉంది. పిల్లిని అడగొద్దన్నావు కదా, నేను అడగలేదు. వంటింట్లోంచి చేప ముక్కలు పొట్లం కట్టి, "మీ పిల్లికి, త్వరగా కోలుకోవాలి" అని ఫింటన్ బాబాయ్ చేతిలో పెట్టాను.  ఆయన చెవులు ఎర్రగా అయిపోయాయి. పొట్లం తీసుకుని, "థాంక్స్ అమ్మా, సంతోషిస్తుంది" అని వెళ్లిపోయాడు. అప్పుడు మాస్టారు నెమ్మదిగా అన్నారు: "సంతోషించడం కష్టం. అది పోయి రెండేళ్లయింది. పాతిపెట్టేటప్పుడు నేనూ ఉన్నాను."

ఇప్పుడు చెప్పు. చచ్చిపోయిన పిల్లికి రోజూ జబ్బు చెయ్యడమేమిటి? నాకు అర్థమైపోయింది. డిన్నీకీ ఆయనకీ గొడవైంది! డిన్నీ నోరు నీకు తెలిసిందే. పక్కకి పిలిచి అడిగాను, "ఫింటన్ బాబాయిని ఏమన్నావు?" అని. "నేనా? ఏమీ అనలేదే! అంటే ఎదురుగానే అంటాను, తెలుసుగా" అన్నాడు. మొహంలో తప్పు చేసిన కళ మాత్రం ఉంది. తీరిక చూసుకుని ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేస్తాను. నువ్వేం కంగారుపడకు.

పదిహేనుకి బ్యాండు మాట్లాడాను. ఫిడేలు, డోలు, రెండు ఫ్లూట్లు. అరవై ఏళ్ల ఇల్లంటే మాటలా! డాక్టరుని ఇంకోసారి అడుగు.

గ్రోన్యా

*

లహించ్
3 ఫిబ్రవరి

తల్లీ,

చేపల పొట్లం దగ్గర నేను నవ్విన నవ్వుకి అట్రాక్టా దేవుడి పటం ముందు నుంచి లేచి వచ్చింది. తరవాత ఫింటన్ ఆ పొట్లం చేత్తో పట్టుకుని ఇంటికి నడిచి వెళ్లడం కళ్ల ముందు కనిపించి నవ్వు ఆగిపోయింది. ఆయన దాన్ని పారేసి ఉండడు. వండుకుని తిని ఉంటాడు.

రాజీలూ గీజీలూ పెట్టకు. వాళ్ల మధ్య గొడవలేదు. గొడవపడితే ఇద్దరూ ఇంకో గంట ఎక్కువ కూర్చునేవాళ్లు.

నీకు ఒక్క మాట చెబుతాను, తరవాత నన్నేమీ అడగొద్దు. ఫింటన్ ఎందుకు లేచాడు అని చూస్తున్నావు. ఎప్పుడు లేచాడు అని చూడు. పోస్తూ కబుర్లు చెప్పకుండా, ఆ రెండు నిమిషాలూ బల్ల వైపు చూడు. ఎవరు కదిలితే ఆయన కదులుతున్నాడో చూడు. కోటు చలికి కాదు.

ఛాతీ అలాగే ఉంది. పొద్దుటిపూట దగ్గు. పండగకి మాట ఇవ్వలేను. బ్యాండుకి డబ్బు ముందే ఇవ్వకు, ఫిడేలు వాయించేవాళ్లు వానొస్తే రారు.

నాన్న

*

స్టోనీబ్యాటర్
12 ఫిబ్రవరి

నాన్నా! నాన్నా!

కనిపెట్టాను! ఈసారి నిజంగా కనిపెట్టాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకు.

నువ్వు చెప్పినట్టే నోరు మూసుకుని నాలుగు సాయంత్రాలు చూశాను. ఫింటన్ బాబాయ్ వస్తాడు. బల్ల దగ్గరికి వెళ్లకముందే కౌంటరు దగ్గర తన పైంటు తనే కొనుక్కుంటాడు. దాన్ని చిన్న చిన్న గుక్కలుగా, బిషప్పు గారి ముందు తాగుతున్నట్టు తాగుతాడు. హాయిగా నవ్వుతుంటాడు. ఎప్పుడైతే డిన్నీ లేచి, "ఈ రౌండు నాది, ఏం తెమ్మంటారు?" అంటాడో, అప్పుడు! ఫింటన్ బాబాయ్ అరచెయ్యి గ్లాసు మీద మూతలా పెడతాడు. "నాకొద్దు, పిల్లి" అంటాడు. లేస్తాడు. ప్రతిరోజూ అంతే. గురువారం డిన్నీ పంటి డాక్టరు దగ్గరికి వెళ్లి రాలేదు, మాస్టారు లేవలేదు. ఫింటన్ బాబాయ్ గంటన్నర కూర్చున్నాడు! పిల్లి మాటే లేదు!

డిన్నీ తెచ్చింది తాగితే, తరవాతి రౌండు ఆయన తేవాలి. ముగ్గురికి మూడు. పద్దెనిమిదీ అరవై! ఒక్క పైంటుకి ఆయన దగ్గరుంది. ముగ్గురికి లేదు. అందుకే వంటి మీద కోటు. కోటు కొక్కేనికి తగిలించినవాడు తన వంతు వచ్చేదాకా ఉంటానని ఒప్పుకున్నట్టే. కోటు వేసుకున్నవాడు ఎప్పుడైనా వెళ్లొచ్చు. నేను కౌంటరు వెనకే పుట్టి పెరిగి ఇది చూడలేదు, పొయ్యి కొన్నాను!

ఎంత సంతోషం వేసిందంటే, అప్పటికప్పుడు ఇంకో చెక్క పలక తీసుకున్నాను. పెద్ద అక్షరాలతో రాశాను: "ఈ ఇంట్లో ఇకపై రౌండ్లు లేవు. ఎవరి గ్లాసు వాళ్లదే." గుమ్మం పైన తగిలించాను. ఇక అందరూ నన్ను భుజాల మీద ఎత్తుకుంటారనుకున్నాను.

డిన్నీ బాబాయ్ చదివాడు. మళ్లీ చదివాడు. "అమ్మాయ్, ఇది ఎవరి గురించి?" అన్నాడు.

"ఎవరి గురించీ కాదు. అందరి మంచికే."

"నా స్నేహితుడికి నేను కొనివ్వకూడదా? మా నాన్న కొన్నాడు, మా తాత కొన్నాడు. నువ్వు పుట్టినప్పుడు మీ నాన్నకి కొన్నది నేను. నన్ను పిసినారి అని గోడమీద రాస్తావా?"

"నిన్ను కాదు బాబాయ్..."

"మరెవర్ని?" అన్నాడు. అప్పుడు అందరి కళ్లూ, నేను పాపిని నాన్నా, నా కళ్లు కూడా, ఫింటన్ బాబాయ్ వైపు తిరిగాయి. ఆయన గ్లాసులో సగం ఉంది. దాన్ని అలాగే ఉంచి, కోటు గుండీ పెట్టుకుని, నాకు గుడ్ నైట్ చెప్పి వెళ్లిపోయాడు. వెనకాలే డిన్నీ టోపీ పెట్టుకున్నాడు. మాస్టారు కూడా. డిన్నీ ఎదురుగా ఉన్న బారుకి వెళ్లాడు, అక్కడ ఆరూ అరవై! నా మీద మంటతో నలభై సెంట్లు ఎక్కువ ఇచ్చి తాగుతున్నాడు, కిటికీలోంచి నాకు కనిపించేలా కూర్చుని.

మూడు రోజులైంది. ఎవరూ రాలేదు. కానీ నేను తప్పు చెయ్యలేదు కదా? పలక దించను. నేను చెప్పింది నిజమే కదా?

గ్రోన్యా

*

లహించ్
18 ఫిబ్రవరి

గ్రోన్యా,

దించు. ఈ ఉత్తరం చదవడం ఆపి, కుర్చీ ఎక్కి, ఆ పలక దించి, తరవాత మిగతాది చదువు.

నిజమే రాశావు. నిజం రాసి గుమ్మానికి తగిలించావు. ఫింటన్ నెలల తరబడి చచ్చిన పిల్లికి వైద్యం చేయిస్తున్నది ఆ నిజం వీధిలో పడకూడదనే. ఇప్పుడు రొట్టెల కొట్టువాడికి కూడా తెలుసు. తన జేబు సంగతి గోడమీద చదువుకున్నచోటికి మనిషి మళ్లీ రాడు. పేదరికం ఆయనకి కొత్త కాదు, పోస్టు సంచీతో ఆరుగుర్ని పెంచాడు. ఇన్నేళ్లూ తన వంతు తను కొన్నాడు, ఒక్కసారి కూడా తప్పించుకోలేదు. తప్పించుకున్నవాడి పేరు స్టోనీబ్యాటర్‌లో మనవల దాకా పాకుతుంది. ఆ పేరు పడకూడదనే అరచెయ్యి గ్లాసు మీద పెట్టాడు. ఎదురుగా స్నేహితుడు, "ఏం తెమ్మంటావురా" అని ప్రేమగా అడుగుతుంటే వద్దనడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. గొంతు దాకా వచ్చిన నవ్వు మింగి, ఏదో ఒక జబ్బు పేరు చెప్పి, చలిలోకి నడవడం

సరే. నాకు కోపం వచ్చింది. ఇంక రాయను. మా నాన్న ఉంటే నిన్ను కాదు, నన్ను తిట్టేవాడు, సరిగ్గా నేర్పలేదని.

నాన్న

(ఇదే కవరులో, వేరే చిన్న కాగితం మీద:)

గ్రోన్యా, నేను అట్రాక్టా అత్తయ్యని. కవరు అంటించమని నాకిచ్చాడు, అందుకే ఇది పెడుతున్నాను. మీ నాన్నకి దగ్గు లేదు. ఒక్కసారీ దగ్గలేదు. రోజూ ఇసుకలో ఆరు కిలోమీటర్లు నడుస్తాడు. డాక్టరు దగ్గరికి వెళ్లనే లేదు. శుక్రవారం ఏడున్నర అయ్యేసరికి కోటు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంటాడు. ఎక్కడికిరా అంటే ఎక్కడికీ కాదంటాడు. ఎనిమిదిన్నరకి విప్పేస్తాడు. నాకు భయంగా ఉంది. నేను చెప్పానని చెప్పకు.

*

స్టోనీబ్యాటర్
24 ఫిబ్రవరి

నాన్నా,

పలక దించేశాను. ముక్కలు చేసి ఆ పచ్చ పొయ్యిలోనే వేశాను.

నీ ఉత్తరంలో ఒక వాక్యం సగంలో ఆగిపోయింది. "ఏదో ఒక జబ్బు పేరు చెప్పి" అన్నావు. ఫింటన్ బాబాయ్ చెప్పింది పిల్లి జబ్బు. సొంత జబ్బు చెప్పింది ఎవరు నాన్నా?

కిందటి జూన్‌లో ఇల్లు నా పేర రాసి కౌంటరుకి ఇవతలికి వచ్చావు. మూల బల్ల దగ్గర నలుగురిలో ఒకడివయ్యావు. జూలైలో కోటు ఒళ్లో పెట్టుకున్నావు. జూలైలో! ఎవరికి చలి వేస్తుంది జూలైలో? డిన్నీ లేచినప్పుడల్లా గ్లాసు మీద చెయ్యి పెట్టి, "ఛాతీ పట్టేసింది" అని మెట్లెక్కి పైకి పోయేవాడివి. నేను ఏం చేశాను? తేనె వేసి వేడినీళ్లు తెచ్చాను. తలుపు సందులో గుడ్డలు కుక్కాను. నువ్వు ఆ తేనెనీళ్లు నా ఎదురుగా తాగావు కూడా! ఒక్క మాట అనలేదు. నా ఇంట్లో, నేను పలక మీద రాసిన ధరకి, మా నాన్న కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు కోపంగా ఉంది. నీ మీదో నా మీదో తెలియడం లేదు. ఏడుస్తూ రాస్తున్నాను, అయినా ఆపను.

ఒకసారి డబ్బు వద్దంటే నా మీద ఇల్లెగిరిపోయేలా అరిచావు, "ఇంటివాడికి ఉచితం లేదు" అని. సరే, తాతయ్య మాట. మరి నన్ను వదిలేసి సముద్రం పక్కన కూర్చోమని తాతయ్య చెప్పాడా?

ఇంకో సంగతి విను. నిన్న డిన్నీ బాబాయ్ ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. మొదట తలుపు సగమే తీశాడు. తరవాత టీ ఇచ్చాడు. తరవాత చెప్పాడు. ఫింటన్ లేచి వెళ్లినప్పుడల్లా ఆయనకి బాధతో పాటు హాయిగా కూడా ఉండేదట. ముగ్గురికి బదులు ఇద్దరికి కొంటే చాలు కదా అని! "మరుసటి రోజు ఆ మొహం వాడికి ఎలా చూపించాలో తెలిసేది కాదమ్మాయ్. నా ఒంటి మీద కోటు కూడా అందుకే. ఫింటన్ నాకంటే ముందు లేచేవాడు, అంతే" అన్నాడు. మాస్టారూ అంతే అయి ఉంటారు. ముగ్గురూ ఒకరి ముందు ఒకరు దర్జా ఒలకబోస్తూ ముగ్గురూ చెమటలు కార్చారు!

నిజం చెప్పు నాన్నా. చెప్పి, నేనేం చెయ్యాలో కూడా చెప్పు. పదిహేనుకి ఇంకా ఇరవై రోజులే ఉంది.

నీ గ్రోన్యా

*

లహించ్
2 మార్చి

నా బంగారు తల్లీ,

అట్రాక్టా కవరు అంటిస్తూ అరగంట తీసుకుంది, అప్పుడే అనుమానించాను.

నిజమే. దగ్గు లేదు. నలభై ఏళ్లు ఆ కౌంటరు వెనక నిలబడి ఎవడు తన వంతు ఎగ్గొడుతున్నాడో, ఎవడి చెయ్యి జేబులోకి నెమ్మదిగా వెళుతోందో చూసి నవ్వుకున్నవాణ్ని. ఇవతలికి వచ్చి నెల తిరక్కుండా నా చెయ్యే నెమ్మదిగా వెళ్లింది. పింఛనుతో రోజుకొక పైంటు తాగొచ్చు. రోజూ నలుగురికి కొనలేను. నీకు చెబితే ఉచితంగా పోస్తావు. నా కూతురి గల్లాపెట్టెలోంచి నా స్నేహితులకి కొనిస్తూ గొప్పగా కూర్చోవడం నావల్ల కాదు. వాళ్లకి చెబితే నాకు కొనిపెడతారు. అదీ నావల్ల కాదు. సిగ్గేసింది. అంతే. తేనెనీళ్లు బాగుండేవి.

నీ తప్పేం లేదు. నువ్వు ధర పెంచకపోతే ఇల్లు మూతపడుతుంది. పెంచితే బల్ల ఖాళీ అవుతుంది. నిన్ను పలక గురించి తిట్టిన దగ్గర్నుంచీ రోజూ ఆ ఇసుకలో అదే ఆలోచిస్తూ నడిచాను. నిన్న దొరికింది! కేక వేశాను, పక్కన నడుస్తున్న కుక్క పారిపోయింది.

విను. రౌండు మనిషికి అంటుకుని ఉండదు. బల్లకి అంటుకుని ఉంటుంది. ఒక బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఒకరికొకరు కొనాలి. మరి కౌంటరు దగ్గర ఎత్తుపీట మీద కూర్చున్నవాడు? వాడు తనది తనే కొనుక్కుంటాడు, పక్కవాడితో అర్ధరాత్రి దాకా మాట్లాడతాడు, ఎవడూ ఏమీ అనుకోడు! ఎప్పుడైనా విన్నావా, పీట మీద కూర్చున్నవాణ్ని పిసినారి అన్నవాణ్ని? మా నాన్న కాలం నుంచీ అంతే. మనం రౌండుని ఆపలేం. బల్లని ఆపొచ్చు.

ఆ మూల బల్ల తీసెయ్. ఊరికే తీస్తే మళ్లీ గుమ్మం మీద పలకే అవుతుంది. అది తనంతట తనే పోవాలి. కాలు విరగాలి. చెదలు పట్టిందని చెప్పు. రంపం మెట్ల కింద ఉంది. ఆ బల్ల నేనూ మా నాన్నా మోసుకొచ్చాం, కొయ్యాలంటే నాకే ప్రాణం ఉసూరుమంటోంది. అయినా కొయ్యి. లోపలి వైపు కాలు కొయ్యి, వెలుగు పడదు. దాని బదులు నాలుగు ఎత్తుపీటలు కౌంటరు వెంట వరసగా వెయ్యి. ఎవరితోనూ ఏమీ అనకు. జన్మలో ఒక్కసారి ఏమీ అనకు!

నాన్న

*

స్టోనీబ్యాటర్
9 మార్చి

నాన్నా!!

కోశాను! ఆ చెట్టు ఏం చెట్టో గాని ఇనుములా ఉంది, గంట పట్టింది, చేతులు బొబ్బలెక్కాయి. కాలు తెగగానే బల్ల ధడాల్‌మని కూలింది, పైన అద్దెకుండే అమ్మాయి భూకంపం అనుకుని పైజమాతో పరుగెత్తుకొచ్చింది. "చెదలు" అన్నాను. ఆ ఒక్క మాటే. నువ్వు నమ్మవు గానీ, ఆ ఒక్క మాటే!

కబురు సాయంత్రానికి వీధంతా పాకింది. డిన్నీ బాబాయ్ ఎదురు బారులోంచి గ్లాసు అలాగే పెట్టి వచ్చాడు. వడ్రంగి కదా, ప్రాణం ఆగుతుందా? వెనకాలే మాస్టారు. వాళ్ల వెనకాల, గుమ్మం దగ్గర నిలబడి, ఫింటన్ బాబాయ్.

డిన్నీ మోకాళ్ల మీద కూర్చుని తెగిన కాలు చేతిలోకి తీసుకున్నాడు. నాన్నా, ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది: నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాడికి రంపం కోతకీ చెదలకీ తేడా తెలియదా? నువ్వూ మర్చిపోయావు, నేనూ మర్చిపోయాను!  ఆయన కోత మీద బొటనవేలు రాశాడు. నేల మీద రంపపు పొట్టు చూశాడు, తుడవడం కూడా మర్చిపోయాను. నా చేతుల మీద బొబ్బలు చూశాడు. తరవాత తల తిప్పి గుమ్మంలో ఉన్న ఫింటన్‌ని చూశాడు. చాలాసేపు.

"చెదలే" అన్నాడు.

మాస్టారు వంగి చూసి, "చాలా తిన్నగా తిన్నాయి" అన్నారు.

"చదువుకున్న చెదలు మాస్టారూ. మీ శిష్యులై ఉంటాయి."

"బాగుచెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుంది బాబాయ్?" అని అడిగాను. 

డిన్నీ లేచాడు, మోకాళ్లు దులుపుకున్నాడు. "ఇలాంటి కర్ర ఇప్పుడు దొరకదమ్మాయ్. వెతకాలి. ఓ పదేళ్లు పట్టొచ్చు" అన్నాడు. వెళ్లి మూడో పీట మీద కూర్చుని, ఒక్క పైంటు అడిగి, ఒక్క పైంటుకే డబ్బు పెట్టాడు. పక్కన మాస్టారు. ఫింటన్ బాబాయ్ నెమ్మదిగా వచ్చి చివరి పీట దగ్గర నిలబడ్డాడు. "పిల్లి ఎలా ఉందిరా?" అని అడిగాడు డిన్నీ, ముందుకే చూస్తూ. "పోయింది" అన్నాడు ఫింటన్. "పాపం, బాగా బాధపడింది. పోనీలే, ఇక సాయంత్రాలు ఖాళీయే కదా నీకు" అన్నాడు డిన్నీ.

నేను సగం పోసి ఆగాను. కబుర్లు చెప్పలేదు. ఆ రెండు నిమిషాల్లో ఫింటన్ బాబాయ్ గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. కోటు తీశాడు. గోడ దగ్గరికి వెళ్లి కొక్కేనికి తగిలించాడు. వెనకాలే మాస్టారు. వెనకాలే డిన్నీ. పదింటి దాకా ఉన్నారు నాన్నా! ముగ్గురూ కలిసి నన్ను వేళాకోళం చేస్తూ, పొయ్యి వేడికి అరుస్తూ! రోజూ వస్తున్నారు ఇప్పుడు!

నాలుగు కొక్కేల్లో మూడు నిండాయి. మొదటిది నీది, ఖాళీగా ఉంది. నాలుగు పీటల్లో ఒకటి ఖాళీగా ఉంది. నిన్ను ఉచితంగా తాగమనను. తాతయ్య మీద ఒట్టు. నీ పైంటు నువ్వే కొనుక్కో.

గ్రోన్యా

*

లహించ్
12 మార్చి

తల్లీ,

శుక్రవారం మధ్యాహ్నం బస్సు. అయిదింటికి దిగుతాను. స్టేషనుకి రాకు, నడిచి వస్తాను, ఆ వీధంతా నడిచి వస్తాను. డాక్టరు ఒప్పుకున్నాడు, ఆయన అసలు లేడు కాబట్టి తొందరగా ఒప్పుకున్నాడు. అట్రాక్టా కూడా వస్తోంది, ఆమె పైంటు ఆమే కొనుక్కుంటుందట, నన్ను నమ్మదట!

డిన్నీ మాటలు చదివి పెద్దగా ఏడ్చాను. ఆ బల్ల కాలు పారెయ్యకు, కౌంటరు కింద పెట్టు. పదేళ్ల తరవాత ఎవరైనా అడిగితే చూపించాలి, చెదలు ఎంత పెద్దవో.

మొదటి పైంటు నేను పోస్తాను. సగం పోసి ఆగినప్పుడు నువ్వు నా పక్కన నిలబడు. తరవాత నేను ఇవతలికి వచ్చి నా పీట మీద కూర్చుంటాను.

జేబులో ఆరూ ఇరవై పెట్టుకున్నాను. ఒక్క గ్లాసుకే. ఆ మొదటి కొక్కెం దుమ్ము దులిపి ఉంచు. కోటు విప్పాలి.

నీ నాన్న